రోమన్ విజయం: ఆల్ప్స్ పర్వత ప్రాంతంలో ఆవాసాలు, సంస్కృతి

యూనిట్ – 9

విషయక్రమం

9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 విజయానికి ముందు ఆల్ప్స్ జీవనం
9.3 రోమ్ దృష్టి కనుమలపై ఎందుకు పడింది?
9.4 లొంగుబాటు: నాలుగు భిన్న అనుభవాలు
9.5 ఆవాసాలలో వచ్చిన మార్పులు
9.6 సంస్కృతిలో వచ్చిన మార్పులు
9.7 'రోమనీకరణ': చరిత్రకారుల చర్చ
9.8 సారాంశం
9.9 ముఖ్య పదాలు
9.10 మీ ప్రగతిని పరీక్షించుకోండి: సమాధానాలు
9.11 నమూనా పరీక్ష ప్రశ్నలు

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరవాత మీరు:

• రోమన్ విజయానికి ముందు ఆల్ప్స్ ప్రజల జీవన విధానాన్ని వివరించగలుగుతారు.
• ఆగస్టస్ కాలంలో రోమ్ ఈ పర్వతాలను ఆక్రమించడానికి గల కారణాలను గుర్తించగలుగుతారు.
• వేరువేరు తెగలు లొంగిన తీరులను, వాటి ఫలితాలను పోల్చగలుగుతారు.
• ఆవాసాలు, భాష, మతం, పౌరసత్వం మొదలైన వాటిలో వచ్చిన మార్పులను విశ్లేషించగలుగుతారు.
• గ్రంథాధారాన్ని, శాసనాధారాన్ని పక్కపక్కన పెట్టి పరిశీలించగలుగుతారు.

9.1 పరిచయం

ఆగస్టస్ రోమన్ పాలనా వ్యవస్థను ఏ విధంగా స్థిరపరచాడో ఇంతకుముందు చదివారు. ఇప్పుడు క్రీ.పూ. 30 నాటి రోమన్ రాజ్యపు పటాన్ని ఒకసారి చూడండి. స్పెయిన్‌లో అధిక భాగం, గాల్ (నేటి ఫ్రాన్స్), గ్రీసు, సిరియా, ఈజిప్టు అప్పటికే రోమ్ చేతిలో ఉన్నాయి. కాని ఇటలీకి ఉత్తరాన, పో నది మైదానంలో నిలబడితే కంటికి కనిపించే ఆల్ప్స్ పర్వతాలు మాత్రం ఇంకా రోమ్ అధీనంలోకి రాలేదు. సముద్రాలు దాటి రాజ్యాలను గెలిచిన రోమ్‌కు ఇంటి పెరటిలోని కొండలు లొంగలేదు.

ఆ తరవాత ఒక తరం గడిచేలోగా పరిస్థితి మారింది. క్రీ.పూ. 25, 15 సంవత్సరాల మధ్య ప్రధాన కనుమలన్నీ రోమన్ల వశమయ్యాయి. కొండ ప్రజల ఊళ్లు, దేవతలు, భాషలు, చట్టపరమైన హోదా ఆ తరవాత క్రమంగా మారాయి. అయితే ఈ మార్పు అందరికీ ఒకేలా రాలేదు. ఒక తెగ బానిసల అంగడికి చేరింది. మరొక తెగ నాయకుడు రోమన్ అధికారిగా తన గడ్డపైనే కొనసాగాడు. ఇంకొక లోయ ప్రజలు కొంతకాలానికి రోమ్ నగరంలోనే న్యాయ విచారణలకు కూర్చునే స్థాయికి ఎదిగారు.

ఈ యూనిట్‌లో మీరు గుర్తుంచుకోవలసిన ప్రధానాంశం ఇది: రోమ్ పర్వతాలను గెలిచింది అంటే, నిజానికి కనుమలను, ఆ కనుమలకు దారితీసే లోయలను గెలిచింది. మార్పు బాట వెంట నడిచింది. బాట దగ్గర అది వేగంగా, లోతుగా వచ్చింది. బాటకు దూరంగా ఉన్న వాలులపై నెమ్మదిగా, కొద్దిగా వచ్చింది. ఆ మార్పు ఎవరికి మేలు చేసింది, ఎవరికి కీడు చేసింది అనేది చాలావరకు ఆ తెగ రోమ్ కిందకు వచ్చిన తీరును బట్టి ఉంది.

9.2 విజయానికి ముందు ఆల్ప్స్ జీవనం

ఆల్ప్స్ పర్వతాలు మధ్యధరా తీరం నుంచి నేటి వియన్నా పరిసరాల వరకు సుమారు 1,200 కిలోమీటర్ల పొడవున విల్లులా వంగి ఉన్నాయి. వీటిలో ఎత్తైన మోంట్ బ్లాంక్ శిఖరం 4,800 మీటర్లకు పైబడి ఉంటుంది. ఇంత ఎత్తున్నా ఈ పర్వతాలు మనుషుల రాకపోకలకు ఎన్నడూ పూర్తి అడ్డుగోడ కాలేదు. 1991లో ఆస్ట్రియా, ఇటలీ సరిహద్దులో సుమారు 3,200 మీటర్ల ఎత్తున మంచులో దొరికిన 'ఊట్జీ' అనే మనిషి శరీరం దాదాపు 5,300 సంవత్సరాల నాటిది. రోమ్ పుట్టడానికి వేల ఏళ్ల ముందే ఈ ఎత్తులలో మనుషులు తిరిగారని దీనివల్ల తెలుస్తుంది.

ఇక్కడి జీవనానికి ఎత్తే ఆధారం. లోయ అడుగున నది తరచు పొంగుతుంది, నేల చిత్తడిగా ఉంటుంది. అందువల్ల ఊళ్లు ఎక్కువగా లోయ అడుగుకు కొంచెం పైన, ఎండ బాగా తగిలే వాలులపై, మెట్లుగా చదును చేసిన స్థలాలలో ఉండేవి. రాతి పునాదిపై కలపతో ఇళ్లు కట్టేవారు. వేసవిలో పశువులను పై బీళ్లకు తోలుకుపోయి, చలి మొదలుకాగానే కిందికి దింపేవారు. పైరు పండే నేల తక్కువ కావడంతో పాలు, జున్ను, ఉన్ని, తేనె, కలప వంటి వాటిని మైదానపు ధాన్యంతో మార్చుకునేవారు.

కొండలలో ఖనిజ సంపద కూడా ఉంది. తూర్పున నోరికంలో ఇనుము, హాల్‌స్టాట్ ప్రాంతంలో ఉప్పు, పడమరన డోరా బాల్టియా నది లోయలో బంగారం దొరికేవి. వీటికి తోడు కనుమ దాటే బాటసారుల నుంచి వసూలు చేసే సుంకం ఒక ముఖ్యమైన రాబడి.

ఈ ప్రజలంతా ఒకే జాతికి చెందినవారు కారు. పడమటి, తూర్పు భాగాలలో కెల్టిక్ భాషలు, మధ్య భాగంలో రేటిక్ భాష మాట్లాడేవారు. ఎట్రుస్కన్ లిపి నమూనాపై ఏర్పడిన అక్షరాలతో వీరు రాళ్లపై, కంచు వస్తువులపై చిన్న చిన్న శాసనాలు చెక్కారు. కాబట్టి రోమన్లు వచ్చేవరకు కొండలలో అక్షరమే లేదని అనుకోవడం సరికాదు. వీరికి లేనిది అందరినీ కలిపే ఒక రాజ్యం. ప్రతి లోయ దాదాపు ఒక ప్రత్యేక లోకం, ప్రతి లోయకూ ఒక తెగ.

రోమన్, గ్రీకు రచయితలు వీరిని తరచుగా దారిదోపిడీదారులని రాశారు. ఈ మాటను యథాతథంగా తీసుకోకండి. భౌగోళిక శాస్త్రవేత్త స్ట్రాబో చెప్పిన ఒక సంఘటన చూడండి. క్రీ.పూ. 43లో ముతినా నుంచి వెనుదిరిగిన డెసిమస్ బ్రూటస్ సైన్యం సలాసీల లోయ దాటడానికి మనిషికి ఒక డ్రాక్మా చొప్పున చెల్లించవలసి వచ్చింది. తరవాత అక్కడ చలికాలం గడిపిన మెస్సాలా అనే సేనాని వంటచెరకుకు కూడా డబ్బిచ్చి కొనుక్కున్నాడు. రోమన్ల దృష్టిలో ఇది దోపిడీ. కొండవారి దృష్టిలో తమ దారికి, తమ అడవికి తాము పెట్టిన ధర. మనకు దొరికే గ్రంథాలు రోమన్ల పక్షాన రాసినవే కావడం వల్ల మొదటి మాట నిలిచింది, రెండో మాటను మనం వెతుక్కోవలసి వస్తుంది.

9.3 రోమ్ దృష్టి కనుమలపై ఎందుకు పడింది?

ఆల్ప్స్ ఆక్రమణకు ప్రధానంగా నాలుగు కారణాలు చెప్పవచ్చు.

అ) రాకపోకలు: జూలియస్ సీజర్ గాల్‌ను గెలిచిన తరవాత ఇటలీకి, గాల్‌కు మధ్య దగ్గర దారి అవసరమైంది. క్రీ.పూ. 57లోనే సీజర్ తన సేనాని సర్వియస్ గాల్బాను ఒక లీజియన్‌తో ఆక్టోడ్యూరస్‌కు (నేటి స్విట్జర్లాండ్‌లోని మార్టిన్యీ) పంపాడు. వర్తకులు పెద్ద ప్రమాదాలకు లోనై, పెద్ద సుంకాలు చెల్లిస్తూ దాటుతున్న కనుమను తెరవడమే దీని ఉద్దేశమని సీజర్ స్వయంగా రాశాడు. కాని స్థానిక తెగలు చుట్టుముట్టి దాడి చేశాయి. గాల్బా ఆ దాడిని తిప్పికొట్టినా, ఊరిని తగలబెట్టి వెనుదిరగవలసి వచ్చింది.

ఆ) భద్రత: ఉత్తర ఇటలీలోని సంపన్నమైన మైదానాలకు కొండ తెగల దాడుల భయం ఉండేది.

ఇ) ఖనిజాలు: బంగారం, ఇనుము రోమన్ ఖజానాను, గుత్తేదారులను ఆకర్షించాయి.

ఈ) ప్రతిష్ఠ: అంతర్యుద్ధాల తరవాత అధికారంలోకి వచ్చిన ఆగస్టస్‌కు విదేశీ శత్రువులపై విజయం కావాలి. జర్మనీ వైపు సైన్యాన్ని నడపాలన్నా ముందు ఆల్ప్స్ దారులు చేతిలో ఉండాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1

1. ఆల్ప్స్ ప్రజలు ఊళ్లను లోయ అడుగున కాక వాలులపై ఎందుకు కట్టుకున్నారు?
2. క్రీ.పూ. 57లో గాల్బా దండయాత్ర ఉద్దేశం ఏమిటి?

9.4 లొంగుబాటు: నాలుగు భిన్న అనుభవాలు

9.4.1 సలాసీలు: నీటి తగాదా నుంచి బానిసల అంగడి వరకు

సలాసీలు నేటి ఇటలీ వాయవ్య మూలన ఉన్న ఆవోస్టా లోయ ప్రజలు. వీరు డోరా బాల్టియా నది నీటిని కాలువల ద్వారా మళ్లించి బంగారు ఇసుకను కడిగేవారు. దాంతో దిగువన వ్యవసాయం చేసుకునే వారికి సాగునీరు అందేది కాదు. ఎగువ, దిగువ ప్రాంతాల మధ్య ఈ నీటి తగాదా తరచు పోట్లాటలకు దారితీసేదని స్ట్రాబో చెబుతాడు. రోమ్ దిగువ వారి పక్షాన జోక్యం చేసుకుంది. క్రీ.పూ. 143లో కాన్సుల్ అప్పియస్ క్లాడియస్ సలాసీలపై దండెత్తాడు. కాలక్రమంలో బంగారు గనులు రోమన్ గుత్తేదారుల చేతికి వెళ్లాయి. కాని ఎత్తు ప్రదేశాలు సలాసీల దగ్గరే ఉండడంతో, వారు ఆ గుత్తేదారులకే నీటిని అమ్మసాగారు. క్రీ.పూ. 100లో రోమ్ లోయ ముఖద్వారం వద్ద ఎపొరేడియా (నేటి ఇవ్రేయా) అనే వలస పట్టణాన్ని స్థాపించింది.

తుది ఘట్టం క్రీ.పూ. 25లో జరిగింది. ఆగస్టస్ పంపిన ఔలస్ టెరెంటియస్ వారో సలాసీలను ఓడించాడు. స్ట్రాబో లెక్క ప్రకారం 36,000 మంది, వారు గాక యుద్ధం చేయగలవారు 8,000 మంది పట్టుబడ్డారు. అందరినీ ఎపొరేడియాలో వేలం వేశారు. రెండు శతాబ్దాల తరవాత రాసిన డియో కాసియస్ మాత్రం యుద్ధ వయస్సులో ఉన్నవారినే అమ్మారని, ఇరవై ఏళ్లలోపు వారిని విడుదల చేయరాదని షరతు పెట్టారని అంటాడు. సేనాని విడిది చేసిన చోటనే 3,000 మంది రోమన్లతో 'ఆగస్టా ప్రిటోరియా' అనే పట్టణం వెలిసింది. అదే నేటి ఆవోస్టా.

స్ట్రాబోను మాత్రమే చదివితే సలాసీలు లోయ నుంచి పూర్తిగా తుడిచిపెట్టుకుపోయారని అనిపిస్తుంది. కాని ఆవోస్టాలో దొరికిన ఒక శాసనం వేరే సంగతి చెబుతుంది. క్రీ.పూ. 23–22 నాటి ఈ శాసనాన్ని ఆగస్టస్ గౌరవార్థం వేయించినవారు, పట్టణం ఏర్పడిన తొలినాళ్లలోనే అందులో చేరి నివసిస్తున్న సలాసీలు. అంటే యుద్ధం జరిగిన రెండు మూడేళ్లకే కొందరు సలాసీలు కొత్త పట్టణంలో నివాసులుగా ఉన్నారు. ఒకవైపు తమవారిని వేలం వేయించినవాడు, మరోవైపు తాము పోషకుడిగా కీర్తించవలసినవాడు ఒక్కడే. ఓడిపోయినవారు బతికి బట్టకట్టడానికి ఏమేం చేయవలసి వచ్చిందో ఈ శాసనం చూపుతుంది. గ్రంథంలోని సంఖ్యలను శాసనంతో సరిచూసుకోవడం ఎందుకు అవసరమో కూడా మీకు దీనివల్ల బోధపడుతుంది.

9.4.2 రేటియా: యువకుల తరలింపు

క్రీ.పూ. 15లో ఆగస్టస్ సవతి కొడుకులు డ్రూసస్, టైబీరియస్ మధ్య ఆల్ప్స్‌పై రెండు వైపుల నుంచి దాడి చేశారు. డ్రూసస్ ఇటలీ నుంచి ఉత్తరంగా, టైబీరియస్ గాల్ నుంచి తూర్పుగా కదిలారు. ఒక్క వేసవిలోనే ప్రధాన పోరాటం ముగిసింది. ఆ తరవాత రోమన్లు యుద్ధ వయస్సులోని బలవంతులలో అధిక భాగాన్ని ప్రాంతం నుంచి తరలించారని, భూమి దున్నడానికి సరిపడా, తిరగబడడానికి చాలనంత మందిని మాత్రమే మిగిల్చారని డియో కాసియస్ రాశాడు. రేటియా యువకులతో ఏర్పడిన సహాయక దళాలు రైన్ నది తీరం వంటి దూర ప్రాంతాలలో పనిచేశాయి. కొండ జనాభాకు కలిగిన నష్టం యుద్ధ మరణాలతో ఆగలేదని దీన్నిబట్టి గ్రహించండి.

ఈ విజయాల జ్ఞాపకార్థం క్రీ.పూ. 7–6లో నేటి మొనాకో దగ్గర లా తుర్బీ అనే చోట ఒక భారీ విజయ స్మారకాన్ని నిర్మించారు. దానిపై నలభైకి పైగా ఓడిన తెగల పేర్లు చెక్కారు. రాయి ముక్కలైనా, ప్లినీ తన 'ప్రకృతి చరిత్ర'లో ఆ శాసనాన్ని నకలు చేసి ఉంచడం వల్ల జాబితా మనకు దక్కింది. ఈ తెగలలో కొన్నింటి గురించి మనకు తెలిసింది ఆ పేరు తప్ప దాదాపు ఏమీ లేదు.

9.4.3 కొట్టియస్: రాజు కొడుకు అధికారి కావడం

మోంజెనేవ్ర్ కనుమ చుట్టూ ఉన్న ప్రాంతాన్ని డొన్నస్ అనే రాజు పాలించేవాడు. అతని కుమారుడు కొట్టియస్ ఆగస్టస్‌తో ఒప్పందానికి వచ్చాడు. అతని రాజధాని సెగూసియోలో (నేటి సూసా) క్రీ.పూ. 9–8లో కట్టిన తోరణం ఇప్పటికీ నిలిచి ఉంది. దానిపై శాసనంలో అతని పేరు మార్కస్ జూలియస్ కొట్టియస్. పేరు రోమన్‌గా మారింది. తండ్రి 'రాజు'. కొడుకు 14 తెగల సముదాయాలకు 'ప్రిఫెక్ట్', అంటే రోమ్ నియమించిన అధికారి. తోరణంపై చెక్కిన శిల్పాలలో ఒప్పందానికి గుర్తుగా రోమన్ పద్ధతిలో జంతుబలి ఇస్తున్న దృశ్యం ఉంది.

హోదా తగ్గింది, కాని ప్రజలు వేలానికి వెళ్లలేదు. వీరిలో శత్రుత్వం చూపని సముదాయాలను విజయ స్మారకంలో చేర్చలేదని ప్లినీ ప్రత్యేకంగా పేర్కొన్నాడు. కొట్టియస్ బాటలు వేయించాడని, అతని సమాధిని స్థానికులు గౌరవించేవారని నాలుగో శతాబ్దపు చరిత్రకారుడు అమ్మియానస్ రాశాడు. క్లాడియస్ కాలంలో ఈ వంశానికి రాజబిరుదు తిరిగి దక్కినా, నీరో కాలంలో ఆ వంశ పాలన ముగిసి ఆ ప్రాంతం నేరుగా రోమన్ పాలనలోకి వచ్చింది.

9.4.4 నోరికం: వర్తకం ముందు, పాలన తరవాత

నేటి ఆస్ట్రియాలో అధిక భాగాన్ని ఆక్రమించిన నోరికం రాజ్యానికి రోమ్‌తో చాలాకాలంగా స్నేహ సంబంధాలు ఉండేవి. నోరికం ఇనుము, ఉక్కు రోమన్ లోకంలో పేరుపొందాయి. ఇటలీ వర్తకులు సైన్యం కంటే ముందే ఇక్కడికి చేరుకున్నారు. క్రీ.పూ. 15 ప్రాంతంలో పెద్ద పోరాటం లేకుండానే ఈ రాజ్యం రోమన్ అధీనంలోకి వచ్చింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2

3. సలాసీల విషయంలో స్ట్రాబో కథనాన్ని ఆవోస్టా శాసనం ఏ విధంగా సవరిస్తుంది?
4. డొన్నస్, కొట్టియస్‌ల హోదాలలో తేడా ఏమిటి?

9.5 ఆవాసాలలో వచ్చిన మార్పులు

9.5.1 కొత్త పట్టణం

ఆవోస్టా పట్టణాన్ని సుమారు 720 మీటర్ల పొడవు, 570 మీటర్ల వెడల్పు గల దీర్ఘచతురస్రంగా ప్రాకారం కట్టి నిర్మించారు. లోపల వీధులు నిలువుగా, అడ్డంగా గళ్ల మాదిరిగా కలుస్తాయి. ఫోరం, నాటకశాల, స్నానశాలలు, నగర ద్వారాలు అన్నీ మైదానపు రోమన్ పట్టణాల నమూనాలోనే ఉన్నాయి. వంపులు తిరిగే లోయలో గీత గీసినట్టున్న ఈ పట్టణం, ఇక్కడి నేల ఇకపై ఎవరి కొలతలకు లోబడుతుందో తెలియజేసింది.

9.5.2 కొండపై నుంచి లోయలోకి

నోరికంలో మార్పు మరింత స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడి మాగ్డలెన్స్‌బెర్గ్ కొండపై సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఒక వర్తక పట్టణం ఉండేది. తవ్వకాలలో బయటపడిన దుకాణాల నేలమాళిగల గోడలపై వర్తకులు ఇనుప కడియాలు, కొక్కేలు వంటి సరుకుల లెక్కలు గీసుకున్నారు. చక్రవర్తి క్లాడియస్ కాలంలో (క్రీ.శ. 41–54) కొండ కింద మైదానంలో విరునం అనే కొత్త పట్టణం ఏర్పడింది. కొండపై పట్టణం ఖాళీ అయింది.

జనం కిందికి ఎందుకు దిగారు? రోమన్ పాలనలో తెగల మధ్య యుద్ధాలు ఆగడంతో కొండపైన ఉండవలసిన అవసరం తగ్గింది. బండ్లు నడిచే బాట లోయలో ఉంది. అంగడి, కచేరీ, పన్ను లెక్క అన్నీ బాట పక్కకు చేరాయి. స్థానిక పెద్దలకు రోమన్ పట్టణ పాలనలో పదవులు కావాలంటే పట్టణంలోనే ఉండాలి. కాబట్టి ఇది పూర్తిగా బలవంతమూ కాదు, పూర్తిగా స్వేచ్ఛా కాదు. మార్టిన్యీలోనూ క్లాడియస్ కాలంలోనే 'ఫోరం క్లాడీ వల్లెన్సియం' అనే కొత్త పట్టణం వెలిసింది. గాల్బా తగలబెట్టి పోయిన చోటికి సుమారు వందేళ్లకు ఫోరం వచ్చింది.

9.5.3 బాటలు

కనుమలను కలుపుతూ వేసిన బాటలే ఈ మార్పులన్నింటికీ వెన్నెముక. ఆవోస్టా లోయలోని దొన్నాస్ వద్ద కొండ రాతిని నిలువునా తొలిచి రెండు వందల మీటర్లకు పైగా బాట వేశారు. అక్కడ ఒక కమానును, మైలురాయిని ఆ రాతిలోనే మలిచారు. మైలురాయిపై 36 అనే సంఖ్య ఉంది. అది ఆవోస్టా నుంచి రోమన్ మైళ్లలో దూరం. తూర్పు వైపు 'వియా క్లాడియా ఆగస్టా' బాట ఉత్తర ఇటలీ నుంచి రెషెన్ కనుమ మీదుగా డాన్యూబ్ నది వరకు 350 రోమన్ మైళ్లు సాగింది. తండ్రి డ్రూసస్ యుద్ధంతో తెరిచిన ఆల్ప్స్ దారినే తాను బాటగా నిర్మించినట్లు క్లాడియస్ క్రీ.శ. 46–47 నాటి మైలురాళ్లపై చెక్కించాడు.

ఈ బాటల వెంట గుర్రాలు మార్చుకునే మజిలీలు, సత్రాలు, గిడ్డంగులు ఏర్పడ్డాయి. వాటి చుట్టూ చిన్న ఊళ్లు పెరిగాయి. ఒకప్పుడు సుంకం వసూలు చేసిన కొండవారు ఇప్పుడు దారి చూపేవారిగా, బరువులు మోసేవారిగా, సత్రాలు నడిపేవారిగా మారారు. సుంకం మాత్రం ఆగలేదు, వసూలు చేసే చేయి మారింది.

9.5.4 మారని ఊళ్లు

స్విట్జర్లాండ్‌లోని రోన్ నది ఎగువ లోయలో బ్రిగ్ పట్టణం దగ్గర గామ్‌సెన్ అనే చోట తవ్వకాలు జరిగాయి. రోమన్ విజయానికి కొన్ని శతాబ్దాల ముందు వాలుపై ఏర్పడిన ఈ ఊరు, రోమన్ కాలమంతా ఆ తరవాత కూడా కొనసాగింది. ఇళ్లు చాలావరకు పాత పద్ధతిలో కలప, మట్టితోనే కట్టుకున్నారు. ఫోరం ఉన్న మార్టిన్యీ కూడా ఇదే లోయలో దిగువన ఉంది. ఒకే లోయలో రెండు లోకాలు పక్కపక్కన ఉన్నాయన్న మాట. పట్టణ శిథిలాలను మాత్రమే చూసి పర్వత ప్రాంతమంతా రోమన్‌గా మారిందని చెప్పరాదు.

9.6 సంస్కృతిలో వచ్చిన మార్పులు

9.6.1 మతం

గ్రేట్ సెయింట్ బెర్నార్డ్ కనుమ 2,469 మీటర్ల ఎత్తున ఉంది. ఆ కొండవారు పొయెనీనస్ అనే దేవుడిని కొలిచేవారని చరిత్రకారుడు లివీ రాశాడు. రోమన్లు ఈ దేవుడిని తోసివేయలేదు. తమ జూపిటర్‌తో కలిపి 'జూపిటర్ పొయెనీనస్' అన్నారు, కనుమపైనే గుడి కట్టారు. క్షేమంగా వెళ్లిరావాలని మొక్కుకున్న సైనికులు, వర్తకులు, బానిసలు సమర్పించిన కంచు ఫలకాలు అక్కడ సుమారు యాభై దొరికాయి. వాటితోపాటు విజయానికి ముందటి కెల్టిక్ నాణేలు కూడా లభించాయి. ఏలికలు మారినా, మంచు తుపానుకు భయపడిన మనిషి అదే చోట మొక్కుకున్నాడు. మార్టిన్యీలో దొరికిన మూడు కొమ్ముల కంచు ఎద్దు తల కూడా ఇలాంటిదే. పోతపోసిన పనితనం రోమన్ లోకానిది, మూడు కొమ్ముల దైవం కెల్టిక్ నమ్మకానిది.

9.6.2 భాష

పాలన, సైన్యం, అంగడి ద్వారా లాటిన్ వ్యాపించింది. రేటిక్ లిపిలో శాసనాలు వేయడం విజయం జరిగిన కాలానికే అంతరించింది. మాట్లాడే భాషలు మరికొంత కాలం నిలిచినా చివరకు లాటిన్‌లో కలిసిపోయాయి. అయితే ఇక్కడ మరొక పరిణామాన్ని గమనించండి. రోమన్ సామ్రాజ్యం పతనమై ఉత్తరం నుంచి జర్మన్ భాషలు విస్తరించినప్పుడు, ఎత్తైన లోయలే లాటిన్‌ను దాచుకున్నాయి. అలా నిలిచిన లాటిన్ నుంచి పుట్టినవే స్విట్జర్లాండ్‌లోని రోమాన్ష్, ఇటలీ డోలమైట్ కొండలలోని లాదిన్ భాషలు. 1938లో రోమాన్ష్ స్విట్జర్లాండ్ జాతీయ భాషలలో ఒకటిగా గుర్తింపు పొందింది. ఒకనాడు కొండ భాషలను మింగిన లాటిన్, ఈనాడు తానే రక్షణ కోరే కొండ భాషగా మిగిలింది.

9.6.3 ఆహారం, వస్తువులు

ప్రభావం ఒకవైపే సాగలేదు. కొండల జున్నును ప్లినీ ప్రశంసించాడు. రేటియా ద్రాక్షసారా ఆగస్టస్‌కు ఎంతో ఇష్టమని జీవితచరిత్రకారుడు స్యూటోనియస్ రాశాడు. మధ్యధరా ప్రాంతంలో ద్రాక్షసారాను మట్టి జాడీలలో నిలువ చేస్తే, ఆల్ప్స్ పరిసరాలలో కట్లు బిగించిన కొయ్య పీపాలలో నిలువ చేస్తారని ప్లినీ గుర్తించాడు.

9.6.4 పౌరసత్వం

1869లో ఉత్తర ఇటలీలోని నాన్ లోయలో, క్లెస్ అనే ఊరి దగ్గర ఒక కంచు ఫలకం దొరికింది. దానిపై ఉన్నది చక్రవర్తి క్లాడియస్ క్రీ.శ. 46 మార్చి 15న జారీ చేసిన ఉత్తర్వు. త్రిదెంతుం (నేటి త్రెంతో) పట్టణానికి అనుబంధంగా ఉన్న అనౌనీ మొదలైన మూడు కొండ తెగలవారు తాము రోమన్ పౌరులమనే నమ్మకంతో చాలాకాలంగా జీవిస్తున్నారు. నిజానికి వారి పౌరసత్వానికి గట్టి ఆధారం లేదని ఒక ఫిర్యాదు వచ్చింది. విచారణలో తేలిన సంగతి ఏమిటంటే, వారిలో కొందరు చక్రవర్తి అంగరక్షక దళంలో పనిచేస్తున్నారు. కొందరు రోమ్‌లో న్యాయనిర్ణేతల జాబితాలోనూ ఉన్నారు. పట్టణ ప్రజలతో వారు ఎంతగా కలిసిపోయారంటే, విడదీస్తే పట్టణానికే నష్టం. అందుచేత క్లాడియస్ వారి పౌరసత్వాన్ని ఖాయం చేశాడు, అప్పటికే వారు పెట్టుకున్న రోమన్ పేర్లను కొనసాగించుకోనిచ్చాడు.

క్రీ.పూ. 15 నుంచి క్రీ.శ. 46 వరకు గడిచింది అరవై ఏళ్లు. తాత ఓడిన తెగ మనిషి, మనవడు రోమ్‌లో న్యాయనిర్ణేత. కాని ఆ మనవడి బతుకంతా ఒక్క ఫిర్యాదు మీద వేలాడింది. చక్రవర్తి మరోలా తలచి ఉంటే అతని ఉద్యోగం, ఇచ్చిన తీర్పులు, పేరు కూడా చెల్లకుండా పోయేవి. పొందిన హోదా ఎంత విలువైనదో, ఎంత అస్థిరమైనదో ఈ ఒక్క ఫలకం చూపుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 3

5. మాగ్డలెన్స్‌బెర్గ్ నుంచి విరునానికి జనం తరలడానికి కారణాలేవి?
6. క్లెస్ ఫలకం ప్రాముఖ్యం ఏమిటి?

9.7 'రోమనీకరణ': చరిత్రకారుల చర్చ

జయించిన ప్రాంతాల ప్రజలు రోమన్ భాషను, పట్టణ జీవితాన్ని, ఆచారాలను స్వీకరించడాన్ని 'రోమనీకరణ' అంటారు. 20వ శతాబ్దం తొలినాళ్లలో ఫ్రాన్సిస్ హావర్‌ఫీల్డ్ ఈ భావనకు ప్రాచుర్యం కల్పించాడు. ఆ కాలపు బ్రిటిష్ పండితులలో చాలామంది రోమ్‌ను నాగరికత నేర్పిన శక్తిగా చూశారు. వారి సొంత సామ్రాజ్యపు నీడ ఆ దృష్టిపై పడింది. 1990లో మార్టిన్ మిల్లెట్ బ్రిటన్‌పై రాసిన గ్రంథంలో, మార్పుకు ముందడుగు వేసింది రోమన్ అధికారులు కాదని, తమ హోదాను కాపాడుకోదలచిన స్థానిక పెద్దలేనని వాదించాడు. కొట్టియస్ ఉదంతం ఈ వాదానికి బాగా సరిపోతుంది. 2001లో జేన్ వెబ్‌స్టర్, రెండు సంస్కృతులు సమానం కాని స్థితిలో కలిసి మూడోది పుడుతుందని ప్రతిపాదించింది. జూపిటర్ పొయెనీనస్‌ను ఈ కోణంలో అర్థం చేసుకోవచ్చు.

అయితే ఏ ఒక్క సిద్ధాంతమూ మొత్తం ఆల్ప్స్‌కు సరిపోదు. సలాసీల వేలాన్ని 'సంస్కృతుల కలయిక' అనలేం. నోరికం వర్తకాన్ని 'విధ్వంసం' అనలేం. గామ్‌సెన్ రైతు జీవితాన్ని ఈ రెండు మాటల్లో దేనితోనూ చెప్పలేం. ఏ తెగ, ఏ లోయ, బాటకు ఎంత దూరం అనే ప్రశ్నలు వేసుకున్న తరవాతే తీర్పు చెప్పాలి.

చివరగా ఒక విషయం. ఐదో శతాబ్దంలో రోమన్ అధికారం సన్నగిల్లి లోయ బాటలు ప్రమాదకరమైనప్పుడు, నోరికం ప్రజలు మళ్లీ కొండలెక్కారు. ఎత్తైన దిబ్బపై ఉన్న టెయుర్నియా వంటి చోట్ల ప్రాకారాలు, చర్చిలు కట్టుకున్నారు. కొండ దిగడానికి ఆధారం శాంతి అయితే, ఆ శాంతి పోగానే ఊరు మళ్లీ పైకి చేరింది. ఆవాసం ఎంత ఎత్తున ఉందో చూసి ఆ కాలపు భద్రతను అంచనా వేయవచ్చని దీనివల్ల మీరు గ్రహించవచ్చు.

9.8 సారాంశం

రోమన్ విజయానికి ముందు ఆల్ప్స్ ప్రజలు వాలులపై ఊళ్లు కట్టుకుని, పశుపోషణ, ఖనిజాలు, కనుమ సుంకాలపై ఆధారపడి జీవించారు. క్రీ.పూ. 25, 15 దండయాత్రలతో రోమ్ కనుమలను వశపరచుకుంది. సలాసీలు బానిసత్వానికి గురయ్యారు. రేటియా తన యువకులను కోల్పోయింది. కొట్టియస్ ఒప్పందంతో నిలిచాడు. నోరికం పెద్ద యుద్ధం లేకుండా సామ్రాజ్యంలో కలిసింది. ఆవాసాల కేంద్రం కొండపై నుంచి లోయకు, బాట పక్కకు జరిగింది. స్థానిక దేవతలు రోమన్ పేర్లతో కలిసి కొనసాగారు. లాటిన్ వ్యాపించి స్థానిక భాషలు అంతరించాయి. పౌరసత్వం కొందరికి పైకెదిగే అవకాశం ఇచ్చింది. బాటకు దూరంగా ఉన్న ఊళ్లలో పాత జీవనం చాలావరకు కొనసాగింది.

9.9 ముఖ్య పదాలు

కనుమ: రెండు కొండల మధ్య దాటడానికి వీలైన దారి.
లీజియన్: రోమన్ పౌరులతో కూడిన ప్రధాన సైనిక విభాగం.
సహాయక దళాలు: పౌరసత్వం లేని ప్రాంతాల వారితో ఏర్పడిన రోమన్ సైనిక దళాలు.
ప్రిఫెక్ట్: ఒక ప్రాంతం లేదా దళంపై రోమ్ నియమించిన అధికారి.
ఫోరం: రోమన్ పట్టణంలో అంగడి, పాలన, సభలకు కేంద్రమైన బహిరంగ ప్రదేశం.
రోమన్ మైలు: సుమారు ఒకటిన్నర కిలోమీటరు.

9.10 మీ ప్రగతిని పరీక్షించుకోండి: సమాధానాలు

1. లోయ అడుగు వరదలకు లోనయ్యేది, చిత్తడిగా ఉండేది. వాలులపై ఎండ బాగా తగిలేది.
2. ఇటలీ, గాల్ మధ్య వర్తకులు వాడే కనుమను తెరవడం.
3. అందరినీ అమ్మివేశారని స్ట్రాబో అంటాడు. కొందరు సలాసీలు కొత్త పట్టణంలోనే నివసించారని శాసనం చూపుతుంది.
4. డొన్నస్ స్వతంత్ర రాజు. కొట్టియస్ రోమ్ తరఫున 14 సముదాయాలను పాలించిన ప్రిఫెక్ట్.
5. యుద్ధాలు ఆగడం, బాట లోయలో ఉండడం, అంగడి, పాలన అక్కడికి చేరడం, పట్టణ పదవుల ఆకర్షణ.
6. కొండ తెగలు రోమన్ సమాజంలో ఎంతగా కలిసిపోయాయో, వారి హోదా చక్రవర్తి నిర్ణయంపై ఎలా ఆధారపడిందో తెలుపుతుంది.

9.11 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. ఈ క్రింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.

1. రోమన్ విజయం ఆల్ప్స్ ప్రాంత ఆవాసాలలో తెచ్చిన మార్పులను ఉదాహరణలతో వివరించండి.
2. 'లొంగిన తీరును బట్టే ఫలితం ఉంది.' సలాసీలు, కొట్టియస్ ఉదంతాల ఆధారంగా ఈ వాక్యాన్ని చర్చించండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.

1. జూపిటర్ పొయెనీనస్ ఆరాధన
2. వియా క్లాడియా ఆగస్టా
3. రోమాన్ష్ భాష చారిత్రక నేపథ్యం